పత్తికట్టె బోర్డు అంచులు ఉబ్బుతున్నయి, ఏ జిగురు వాడాలె?

అన్నలకు, అక్కలకు నమస్తే. హన్మకొండల మాది చిన్న వడ్రంగి షాపు. మా ఊర్ల ఆఖరు ఏరుడు అయిపోంగనే పత్తికట్టె పీకి చేన్లనే కాలబెడతరు. అది చూస్తే పానం ఉసూరుమంటది. గట్టి కట్టె, దాంతోని పార్టికల్ బోర్డు అయితదని చదివిన.

అందుకే కట్టెను చిన్న ముక్కలు కొట్టి, తెల్ల జిగురు కలిపి, ఇనుప చట్రంల పోసి కారు జాకీతోని రెండు రోజులు ఒత్తిపెట్టిన. దాంతోని స్టూలు చేసి, కొత్తవాడ జంపఖానా ముక్కను మీద మెత్తగా పరిచిన. మన వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చెప్పే గుర్తింపు) వచ్చింది గదా, రెండూ మన దగ్గరియే ఉండాలని నా ఆశ.

ఎండకాలం బాగనే ఉన్నది. ముసురు పట్టినంక అంచులు పొంగినయి. గోరుతోని గీకితే బెరడు పీచులు పీచులుగ లేస్తున్నది, లోపలి బెండు స్పాంజి లెక్క నీళ్లు పీల్చింది. స్క్రూ తిప్పితే ఉత్తగనే తిరుగుతున్నది.

బెరడు, బెండు తీసేసి మళ్ల చేస్తే నిలుస్తదా? యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు నాకు వద్దు, అది ఫార్మాల్డిహైడ్ వాయువును ఇంట్లకు వదులుతనే ఉంటది, మా షాపుల పిల్లలు కూడ తిరుగుతరు. ఎండీఐ అనే ఇంకో రకం జిగురుల ఫార్మాల్డిహైడ్ లేదు గని, గట్టిపడకముందు దాని ఆవిరి పీల్చే పనోనికే ముప్పు. సోయా జిగురు ఎవరన్న వాడిన్రా? తక్కువ షీట్లయినా వేడి ప్రెస్సుల ఒత్తిచ్చేటోళ్లు వరంగల్, కరీంనగర్ దిక్కు ఉంటే జర చెప్పున్రి. కొత్త పంట కట్టె చేతికొచ్చేలోపు తేల్చుకోవాలె.