నాన్న టైలర్ చాచా దగ్గరికి వెళ్లడం మానేశారు, టీవీ వల్లేనా?

సైదాబాద్ అమ్మాయి:
నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఇరవై ఏళ్లకు పైగా ఆయన ఖాకీ బట్టలు కుట్టింది యాకుత్‌పురాలోని ఒక టైలర్ చాచా. రంజాన్‌కి వాళ్లింటి నుంచి షీర్ ఖుర్మా వచ్చేది, సంక్రాంతికి మా సకినాలు వెళ్లేవి. అమ్మ ఆపరేషన్‌కి రక్తం కావాలంటే చాచా కొడుకే వచ్చి ఇచ్చాడు.

ఇప్పుడు సాయంత్రం ఏడు నుంచి పది దాకా ఇంట్లో న్యూస్ డిబేట్లే. నలుగురు అరుస్తుంటారు, కింద ఎర్ర పట్టీ తిరుగుతుంటుంది. మొన్న ప్యాంటు నడుం వదులైతే చాచా దగ్గరికి వెళ్దామన్నాను. "వద్దులే, వాళ్ల ఏరియాకి ఇప్పుడెందుకు" అన్నారు. చాచాని "వాళ్లు" అనడం మా ఇంట్లో అదే మొదటిసారి విన్నాను. ఆయనేం చేశాడు నాన్నా అంటే, "మంచోడే, కానీ..." అంటూ టీవీ వైపు చూశారు. అందులో నడుస్తున్నది మన ఊరి సంగతి కూడా కాదు, ఎక్కడో ఉత్తరాదిలో జరిగిన గొడవ.

టీవీ కట్టేస్తే నా మీద అరుస్తారు. ఏం చేయాలి?

పాత డెస్క్ మనిషి:
అమ్మా, నేను ఒక న్యూస్ చానెల్ డెస్క్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. రిపోర్టర్‌నీ కెమెరానీ బండినీ పంపాలంటే ఖర్చు. నలుగురిని లైన్లోకి తీసుకుంటే గంట గడిచిపోతుంది. గురువారం రేటింగ్ వచ్చేది, ఆ రోజు మా అందరికీ టెన్షనే. టీఆర్‌పీల్లో అవకతవకలు జరిగాయన్న ఆరోపణలతో 2020 అక్టోబర్‌లో బార్క్, అంటే టీవీ రేటింగ్స్ లెక్కగట్టే సంస్థ, న్యూస్ చానెళ్ల రేటింగ్స్ ఆపేసింది, మళ్లీ 2022 మార్చిలో మొదలుపెట్టింది. ఆ మధ్యకాలంలోనూ మా దగ్గర అరుపులు తగ్గలేదు. యూట్యూబ్ వ్యూస్ చూసుకునేవాళ్లం.

ఒకసారి బైక్ పార్కింగ్ దగ్గర ఇద్దరు కొట్టుకుంటే "పాతబస్తీలో టెన్షన్ టెన్షన్" అని ప్లేట్, అంటే స్క్రీన్ మీద పెద్దక్షరాల హెడ్డింగ్, వేసింది నేనే. పావుగంటలో ఇద్దరూ ఇళ్లకు వెళ్లిపోయారు. ఆ ప్లేట్ మాత్రం రాత్రి దాకా తిరిగింది. అది చూసి ఎంతమంది ఆ రోజు అటు వెళ్లడం మానుకున్నారో అని ఇప్పటికీ బాధపడతాను.

నాన్నగారు చూస్తున్నదంతా అబద్ధమేమీ కాకపోవచ్చు. జరిగిన గొడవే కావచ్చు. కానీ రోజూ అదే చూస్తే ఊరంతా అలాగే ఉందనిపిస్తుంది. చాచా మిషన్ ముందు కూర్చుని గుండీలు కుట్టుకునే రోజు ఎవరికీ వార్త కాదు కదా.

యాకుత్‌పురా:
అక్కా, నేను చాచా వాళ్ల బస్తీ మనిషిని. 2020లో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో జరిగిన తబ్లీగీ జమాత్ అనే ముస్లిం మత ప్రచార సంస్థ సమావేశం వల్లే కరోనా పాకిందని వార్తలు వచ్చినప్పుడు మా మామ సంతోష్‌నగర్‌లో బండి మీద పళ్లు అమ్మేవాడు. ఏళ్ల తరబడి ఆయన దగ్గరే కొన్నవాళ్లు కొత్తగా పేరు అడగడం మొదలుపెట్టారు. ఆ ఆగస్టులోనే బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, మీడియాలో జరిగిన ప్రచారాన్ని తప్పుపట్టింది. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో మన తెలుగాయన, అప్పటి చీఫ్ జస్టిస్ ఎన్.వి. రమణ కూడా, మీడియాలో ఒక వర్గం ప్రతిదాన్నీ మతం కోణంలోనే చూపిస్తోందని అన్నారు. ఆ మాటలు మామ దగ్గర పళ్లు కొనడం మానేసినవాళ్ల దాకా చేరలేదు.

భయం మా ఇళ్లలోనూ ఉంది. ఫోన్లో వీడియోలు చూసి మా అమ్మ, నేను డ్యూటీకి వెళ్తే మూడుసార్లు ఫోన్ చేస్తుంది. నాన్నని ఒక్కసారి తీసుకురా అక్కా.

చంపాపేట్ నుంచి:
డిబేట్‌లో మరీ అన్యాయంగా మాట్లాడితే తేదీ, టైం రాసుకుని చానెల్‌కి ఫిర్యాదు పంపండి. 2021 కేబుల్ టీవీ రూల్స్ ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. లేకపోతే పైన స్వీయ నియంత్రణ సంస్థకు, అంటే చానెళ్లే కలిసి పెట్టుకున్న సంస్థకు, అప్పీల్ చేయొచ్చు.

సైదాబాద్ అమ్మాయి:
అందరికీ థ్యాంక్స్. ఆదివారం ప్యాంటు నేనే తీసుకెళ్లాను. చాచా చేత్తో పట్టుకుని చూసి "నాన్న చిక్కిపోయారా?" అని అడిగారు. ఎందుకు రాలేదంటే మోకాళ్ల నొప్పులని అబద్ధం చెప్పాను. డబ్బు తీసుకోలేదు.

ఇంటికొచ్చాక నాన్న ప్యాంటు తిప్పి కుట్టు చూశారు. "లోపల బట్ట కత్తిరించకుండా ఉంచాడు, మళ్లీ ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చని" అన్నారు. ఏడింటికి టీవీ మామూలుగానే పెట్టారు. కానీ చాచాకి డబ్బులిచ్చావా అని రెండుసార్లు అడిగారు. తీసుకోలేదంటే, రేపు తనే వెళ్లి ఇచ్చొస్తానన్నారు. వెళ్తే ఇక్కడ రాస్తాను.