పాత ఎక్స్ఎంఎల్ స్క్రీన్‌లో కంపోజ్ పెట్టాక టైప్ చేసిందంతా పోతోంది, సాయం కావాలి

ప్రశ్న: మా ఆండ్రాయిడ్ యాప్ అంతా పాత పద్ధతే, ఫ్రాగ్మెంట్లు (స్క్రీన్ భాగాలు), ఎక్స్ఎంఎల్ ఫైళ్లలో రాసిన లేఅవుట్లు. కంపోజ్ అంటే స్క్రీన్‌ని నేరుగా కోట్లిన్ కోడ్‌లో రాసే కొత్త పద్ధతి. మొత్తం తిరగరాసే టైమ్ లేక అడ్రస్ స్క్రీన్‌లో మాత్రం రెండు కంపోజ్‌వ్యూలు (పాత లేఅవుట్‌లో కంపోజ్‌ని చూపించే వ్యూలు) పెట్టాను, పైన పేరు, ఫోన్ నంబర్, కింద పిన్‌కోడ్, ఇంటి నంబర్, మధ్యలో పాత మ్యాప్ అలాగే ఉంచాను. యూజర్ పిన్‌కోడ్ కొట్టి తర్వాతి స్క్రీన్‌కి వెళ్లి వెనక్కి వస్తే కింది ఫారం ఖాళీ. విలువని సేవ్ చేసి తిరిగి తెచ్చే రిమెంబర్‌సేవబుల్ వాడాను, అయినా అంతే. రేపు టెస్టింగ్‌కి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: బ్రో, ముందు ఎక్స్ఎంఎల్ తెరిచి రెండు కంపోజ్‌వ్యూలకీ వేర్వేరు ఐడీలు ఉన్నాయో లేదో చూడండి. ఐడీ లేకపోయినా, కాపీ పేస్ట్‌లో రెండింటికీ ఒకటే వచ్చినా, సేవ్ చేసిన విలువ సరిగ్గా తిరిగి రాదు. రెండోది, ఫ్రాగ్మెంట్‌లో సెట్‌కంటెంట్‌కి ముందు సెట్‌వ్యూకంపోజిషన్‌స్ట్రాటజీ పిలిచి డిస్పోజ్‌ఆన్‌వ్యూట్రీలైఫ్‌సైకిల్‌డిస్ట్రాయ్‌డ్ ఇవ్వండి, అంటే ఫ్రాగ్మెంట్ వ్యూ పోయేవరకు కంపోజిషన్‌ని (కంపోజ్ కట్టిన స్క్రీన్‌ని) ఉంచమని. ఇవ్వకపోతే, వ్యూ విండో నుంచి విడిపోగానే కంపోజిషన్ పోతుంది, ఫ్రాగ్మెంట్ వ్యూ బతికుందా లేదా అని చూడదు.

ప్రశ్న: కిందిదానికి అసలు ఐడీయే లేదు! ఇచ్చాను, స్ట్రాటజీ కూడా పెట్టాను, ఇప్పుడు పిన్‌కోడ్ నిలుస్తోంది. చాలా థ్యాంక్స్ అన్నా. ఇంకొక్కటి, పూర్తిగా కంపోజ్‌లో రాసిన నిబంధనల స్క్రీన్‌లో ఆండ్రాయిడ్‌వ్యూ (కంపోజ్‌లో పాత వ్యూని పెట్టే భాగం) లోపల వెబ్ పేజీ చూపించే వెబ్‌వ్యూ ఉంది. కింద చెక్‌బాక్స్ నొక్కితే చాలు, పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతోంది.

జవాబు: పేజీని తెరిచే లోడ్‌యూఆర్ఎల్‌ని అప్‌డేట్ బ్లాక్‌లో రాసుంటారు. ఆండ్రాయిడ్‌వ్యూకి ఫ్యాక్టరీ, అప్‌డేట్ అని రెండు బ్లాకులుంటాయి. ఫ్యాక్టరీ వ్యూని తయారుచేసేటప్పుడు ఒక్కసారే నడుస్తుంది, అప్‌డేట్ మాత్రం రీకంపోజిషన్‌లో (స్టేట్ మారి కంపోజ్ కోడ్ మళ్లీ నడిచినప్పుడు) ఎన్నిసార్లయినా నడవొచ్చు, చెక్‌బాక్స్ స్టేట్ మారడంతో మీ దగ్గర జరుగుతున్నదదే. లింక్ ఎప్పుడూ మారదంటే లోడ్‌ని ఫ్యాక్టరీలోకి తీసుకెళ్లండి. భాషని బట్టి లింక్ మారుతుందంటే అప్‌డేట్‌లోనే ఉంచి, చివరగా అడిగిన లింక్‌ని వ్యూ ట్యాగ్‌లో దాచి, కొత్తది వేరైతేనే లోడ్ చేయండి. వెబ్‌వ్యూ చూపించే ప్రస్తుత లింక్‌తో పోల్చొద్దు, సర్వర్ రీడైరెక్ట్ చేస్తే రెండూ ఎప్పటికీ కలవవు.

ఇంకో మాట, వెబ్‌వ్యూ, మ్యాప్ లాంటివి పాత వ్యూలుగానే ఉంచి చుట్టూ కంపోజ్ రాసుకోవడంలో తప్పేమీ లేదు, ఆండ్రాయిడ్‌వ్యూ ఉన్నదే అందుకు. కానీ ఒకే ఎక్స్ఎంఎల్‌లో చిన్న చిన్న కంపోజ్‌వ్యూలు పెంచుకుంటూ పోవద్దు, టెస్టింగ్ అయ్యాక ఆ అడ్రస్ స్క్రీన్ మొత్తాన్ని ఒకే కంపోజ్‌వ్యూ చేసి, మ్యాప్‌ని దాని లోపల ఆండ్రాయిడ్‌వ్యూగా పెట్టండి. మ్యాప్‌వ్యూ నేరుగా వాడుతుంటే ఆన్‌క్రియేట్ నుంచి ఆన్‌డిస్ట్రాయ్ వరకు లైఫ్‌సైకిల్ (స్క్రీన్ మొదలవడం, ఆగడం, పోవడం) పిలుపులన్నీ మీరే అందించాలి, అందుకు డిస్పోజబుల్‌ఎఫెక్ట్‌లో (కంపోజ్ భాగం పోయేటప్పుడు శుభ్రం చేసుకునే చోటు) లైఫ్‌సైకిల్ అబ్జర్వర్ పెట్టొచ్చు.