హెచ్‌ఎస్‌ఏ ప్లాన్ తీసుకోవాలా, 401కే పెంచాలా? శుక్రవారం లోపు చెప్పండి ప్లీజ్

గుంటూరు_టు_ఆస్టిన్:
అందరికీ నమస్కారం. ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా ఇన్సూరెన్స్ ప్లాన్ ఎంచుకునే గడువు) శుక్రవారంతో క్లోజ్. మా కంపెనీలో ఈసారి హై డిడక్టబుల్ ప్లాన్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మన జేబులోంచి ఎక్కువ కట్టుకోవాల్సింది) కొత్తగా పెట్టారు, ఫ్యామిలీ డిడక్టబుల్ 4,000, కంపెనీయే హెచ్‌ఎస్‌ఏలో (ఆ ప్లాన్‌తో పాటు వైద్య ఖర్చులకి ట్యాక్స్ లేకుండా దాచుకునే అకౌంట్) వెయ్యి డాలర్లు వేస్తుంది. పీపీఓ (తక్కువ డిడక్టబుల్ ఉండే మామూలు ప్లాన్) అయితే నెలకి 310 డాలర్లు ఎక్కువ కట్ అవుతుంది. నేను, మా ఆవిడ, మూడేళ్ళ బాబు. హెచ్‌1బీ, ఐ140 (గ్రీన్ కార్డ్ పిటిషన్) అయ్యింది కానీ నాలుగైదేళ్ళలో ఇండియా వెళ్ళిపోవాలని గట్టిగానే అనుకుంటున్నాం. 401కేలో (కంపెనీ రిటైర్మెంట్ అకౌంట్) కంపెనీ మ్యాచ్ వచ్చే 6 శాతం వరకే వేస్తున్నా. మిగిలింది హెచ్‌ఎస్‌ఏలో వెయ్యాలా, 401కే పెంచాలా, పెంచితే మామూలుదా (ట్యాక్స్ తీసేటప్పుడు కట్టేది), రాత్ రకమా (ట్యాక్స్ ఇప్పుడే కట్టేది)? 22 శాతం బ్రాకెట్. ఏప్రిల్‌లో అమ్మానాన్న వస్తున్నారు, వాళ్ళ ఖర్చులకి హెచ్‌ఎస్‌ఏ వాడొచ్చా?

ఎడిసన్_అక్క:
తమ్ముడూ నువ్వు టెక్సస్‌లో ఉన్నావు కాబట్టి అదృష్టవంతుడివి. ఇక్కడ న్యూజెర్సీలో, అటు కాలిఫోర్నియాలో హెచ్‌ఎస్‌ఏకి స్టేట్ ట్యాక్స్ మినహాయింపు లేదు, వేసిన డబ్బు మీదా కట్టాలి, లోపల వచ్చిన డివిడెండ్ మీదా కట్టాలి. నాకు ఇది ఎవ్వరూ చెప్పలేదు. మొదటి ఏడాది డబ్ల్యూ2లో బాక్స్ 1 (ఫెడరల్ లెక్క జీతం) కంటే బాక్స్ 16 (స్టేట్ లెక్క జీతం) ఎక్కువ ఉందని చూసి పేరోల్ వాళ్ళే తప్పు చేశారనుకుని నేనే తగ్గించి ఫైల్ చేశాను, 14 నెలల తర్వాత వడ్డీతో సహా లెటర్ వచ్చింది. ఈ రెండు స్టేట్‌లకి మారే ఆలోచన ఉన్నవాళ్ళు ముందే తెలుసుకోండి.

రసీదుల_బాబాయ్:
హెచ్‌ఎస్‌ఏ వెయ్యి, కళ్ళు మూసుకుని వెయ్యి. 2026కి ఫ్యామిలీ లిమిట్ 8,750, అందులో మీ కంపెనీ వేసే వెయ్యి కూడా లెక్కే. పేరోల్ నుంచి కట్ చేయించుకుంటే ఇన్‌కమ్ ట్యాక్సే కాదు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద పోయే 7.65 శాతం కూడా పోదు, 401కేకి ఆ సుఖం లేదు. అదే బ్యాంక్ నుంచి చేత్తో వేస్తే ఇది రాదు.

నేను 2014 నుంచి ఒక్క డాలర్ కూడా బయటికి తియ్యలేదు. డాక్టర్ బిల్లులు జేబులోంచి కట్టి, హెచ్‌ఎస్‌ఏ మొత్తం ఇండెక్స్ ఫండ్‌లో పెట్టా. రసీదులు దాచుకుంటే ఇరవై ఏళ్ళ తర్వాతైనా తీసుకోవచ్చు, టైమ్ లిమిట్ లేదు, అకౌంట్ తెరిచిన తర్వాత అయిన ఖర్చై ఉండాలి అంతే. ఒక్క జాగ్రత్త, ఫార్మసీ వాళ్ళిచ్చే ఆ జారుడు కాగితం బిల్లు రెండేళ్ళకి తెల్లకాగితం అయిపోతుంది. నావి ముప్పై దాకా అలాగే పోయాయి, అట్టపెట్టె తెరిచి చూస్తే అంచున నీలం గీత తప్ప ఏమీ లేదు. అప్పట్నుంచి కౌంటర్ దగ్గరే ఫోటో తీసి, తారీఖుతో ఫోల్డర్‌లో వేస్తున్నా.

పాప_వాళ్ళమ్మ:
బాబాయ్ గారూ, జేబులోంచి కట్టి దాచుకోండి అని చెప్పడం తేలికే. చేతిలో డబ్బున్నవాళ్ళకే ఆ మాట. మాకు డిసెంబర్ 28న డెలివరీ, ఆ ఏడాది డిడక్టబుల్ మొత్తం అయిపోయింది. పాపకి పచ్చకామెర్లు ఎక్కువై జనవరి 3న మళ్ళీ అడ్మిట్ చేశారు. కొత్త సంవత్సరం, కొత్త డిడక్టబుల్, మళ్ళీ సున్నా నుంచి. వారం తేడాలో 9,000 చిల్లర. మావారి జాబ్ అప్పుడే పోయింది. పొదుపు లెక్కలు ఎవరైనా వేస్తారు, ఆ రాత్రి బిల్లింగ్ కౌంటర్ దగ్గర నేను నిలబడ్డా. రెండో బిడ్డ ఆలోచన ఉంటే పీపీఓ తీసుకోండి అన్నా, ఇంకేం ఆలోచించొద్దు.

రసీదుల_బాబాయ్:
అమ్మా, మీ బాధ నిజం. డెలివరీ ఉన్న ఏడాదికి నేనూ పీపీఓనే చెబుతాను. కనీసం డిడక్టబుల్ అంత క్యాష్ విడిగా లేనివాళ్ళు ఈ ప్లాన్ జోలికి వెళ్ళకూడదు, ఆ మాట ముందే రాయాల్సింది.

ప్లేనో_కుర్రాడు:
నేను పోయినేడు కూకట్‌పల్లిలో రూట్ కెనాల్, క్యాప్ చేయించుకున్నా, మొత్తం 14,500 రూపాయలు. ఇక్కడ ఇన్సూరెన్స్ పోను 1,900 డాలర్లు చెప్పారు. ఆ 14,500 కూడా హెచ్‌ఎస్‌ఏ నుంచే తీసుకున్నా.

షార్లెట్_సుబ్బు:
ఇది పబ్లిక్‌గా రాసుకుంటున్నారా? ఇండియా బిల్లుకి హెచ్‌ఎస్‌ఏ వాడటం ఫ్రాడ్. ఆడిట్ వస్తే 20 శాతం పెనాల్టీ, పైన ట్యాక్స్. ఇలాంటివి చదివి కొత్తగా వచ్చిన పిల్లలు మునిగిపోతారు.

ప్లేనో_కుర్రాడు:
ఫ్రాడ్ అనే ముందు ఒక్కసారి చదవండి సార్. ఏ దేశంలో చేయించుకున్నా వైద్యం వైద్యమే, ఖర్చు అర్హమైనదా కాదా అన్నదే చూస్తారు. దొంగని అన్నట్టు మాట్లాడుతున్నారు.

షార్లెట్_సుబ్బు:
మా ఆఫీస్‌లో ఒకాయనకి మందుల ఖర్చు చెల్లదని కొట్టేశారు. నా కళ్ళతో చూశా. గాలి మాట కాదు.

లెక్కల_మాస్టారు:
నేను 14 ఏళ్ళుగా ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని (అమెరికా ట్యాక్స్ శాఖ లైసెన్స్ ఉన్న ట్యాక్స్ నిపుణుణ్ణి), సీజన్‌కి మూడొందల రిటర్న్‌లు నా చేతుల మీదుగా వెళ్తాయి, అందులో సగం పైగా మనవాళ్ళవే. ఇద్దరూ సగం సగం కరెక్ట్. ట్యాక్స్ శాఖ వాళ్ళ వైద్య ఖర్చుల గైడ్, పబ్లికేషన్ 502 తీసి చూడండి. విదేశంలో పన్ను వైద్యం, ఆపరేషన్, కళ్ళద్దాలు ఓకే. మందులు వేరే సంగతి, అక్కడ కొని అక్కడే వేసుకుంటే, ఆ మందు రెండు దేశాల్లోనూ చట్టబద్ధమైతే ఓకే. సూట్‌కేస్‌లో ఆరు నెలలకి సరిపడా తెచ్చుకున్నవి మాత్రం కావు, సుబ్బు గారి కొలీగ్‌కి జరిగింది బహుశా అదే. ఇంకొకటి, సంక్రాంతికి వెళ్ళి పనిలో పనిగా పన్ను చూపించుకుని విమానం టికెట్ కూడా క్లెయిమ్ చేస్తామంటే ఒప్పుకోరు. బిల్లు మీద పేషెంట్ పేరు, తేదీ, ఏం చేశారో ఉండాలి. "దంత చికిత్స, 14,500" అని ప్యాడ్ మీద గీకి ఇస్తే అది చాలదు.

షార్లెట్_సుబ్బు:
సరే, మందుల వరకు నా మాటే నిలిచింది కదా. ఫ్రాడ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

రాలీ_రాంబాబు:
ఎవరూ ఎఫ్‌ఎస్‌ఏ గురించి చెప్పట్లేదు. మా ఆవిడ కంపెనీలో మామూలు హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏ (జీతంలోంచి వైద్య ఖర్చులకి పక్కన పెట్టే ఇంకో అకౌంట్) 500 పెట్టుకుంది, దాంతో ఆ ఏడాదికి నేను హెచ్‌ఎస్‌ఏకి అనర్హుణ్ణి. మార్చిలో హెచ్‌ఎస్‌ఏ ట్యాక్స్ ఫారం 8889 నింపుతుంటే తెలిసింది. గడువులోపు ఎక్కువ వేసిందీ, దాని మీద వచ్చిన లాభమూ బయటికి తీశా కాబట్టి ఏటేటా పడే 6 శాతం పెనాల్టీ తప్పింది.

మేరీలాండ్_మావయ్య:
బ్యాక్‌డోర్ రాత్ (ట్యాక్స్ కట్టిన డబ్బుని ఐఆర్‌ఏ అనే సొంత రిటైర్మెంట్ అకౌంట్‌లో వేసి రాత్‌కి మార్చడం) చేసేవాళ్ళు నా కథ వినండి. పాత కంపెనీ 401కే 63,000 ఉంటే ఐఆర్‌ఏలోకి రోల్‌ఓవర్ చేశా, ఎవరో వీడియోలో మంచిదన్నారని. తర్వాత ఏడాది 7,000 ట్యాక్స్ కట్టిన డబ్బు వేసి రాత్‌కి మార్చా, ట్యాక్స్ సున్నా అనుకున్నా. ప్రోరేటా అట. డిసెంబర్ 31కి అన్ని ట్రెడిషనల్ ఐఆర్‌ఏలు కలిపి చూస్తారు. 70,000లో 7,000 మాత్రమే ట్యాక్స్ కట్టింది, అంటే నేను మార్చిన దాంట్లో 90 శాతం, 6,300 మీద ట్యాక్స్. నిద్ర పట్టలేదు.

లెక్కల_మాస్టారు:
ఇప్పుడున్న కంపెనీ 401కే ఒప్పుకుంటే ఆ ఐఆర్‌ఏ లో ట్యాక్స్ కట్టని డబ్బు మొత్తం అందులోకి తోసెయ్యండి, డిసెంబర్ 31 లోపు. అప్పుడు ఆ ఏడాది బ్యాక్‌డోర్‌కి ప్రోరేటా దెబ్బ ఉండదు. ఫారం 8606 ప్రతి ఏడాదీ పెట్టాలి, మీరు పోయినేడు పెట్టారా? పెట్టకపోతే ఆ 7,000 కి ట్యాక్స్ కట్టామని చూపించడానికి మీ దగ్గర కాగితమే ఉండదు.

మేరీలాండ్_మావయ్య:
పెట్టలేదండీ. ఇన్‌బాక్స్ చేస్తున్నా.

గుంటూరు_టు_ఆస్టిన్:
అన్నలూ అక్కలూ, అన్నీ చదువుతున్నా, థ్యాంక్స్. కానీ నేనడిగిన రెండు ప్రశ్నలకి ఎవరూ చెప్పలేదు, అమ్మానాన్న సంగతి, ఇండియా వెళ్ళేవాళ్ళకి రాతా మామూలుదా. రేపు రాత్రికి ఫారం సబ్మిట్ చెయ్యాలి.

వెనక్కొచ్చేశా_వైజాగ్:
నేను 2021లో వచ్చేశా, అనుభవంతో చెబుతున్నా. 401కే ఇక్కడ కూర్చుని కూడా అలాగే ఉంచుకోవచ్చు. భారత ఆదాయపన్ను చట్టంలో ఒక సెక్షన్ ఉంది (పాత 1961 చట్టంలో 89ఏ), అమెరికా రిటైర్మెంట్ అకౌంట్ లోపల ఏటా వచ్చే ఆదాయం మీద ఇక్కడ వెంటనే ట్యాక్స్ కట్టక్కర్లేదు, తీసినప్పుడే. దానికి ఫారం (పాత చట్టంలో 10ఈఈ) రిటర్న్ గడువులోపు పెట్టాలి. కానీ అది తీసేటప్పుడు ట్యాక్స్ పడే అకౌంట్‌లకి రాసిన సెక్షన్. రాత్‌లో తీసేటప్పుడు అమెరికాలో ట్యాక్సే ఉండదు కదా, అందుకే నాలాంటి వాళ్ళం చిక్కుల్లో ఉన్నాం. నా రాత్ 40,000 గురించి అడిగిన ముగ్గురు ఆడిటర్లు మూడు రకాలుగా చెప్పారు. నీ పరిస్థితిలో నేనైతే మామూలు 401కేనే వేస్తా. 59న్నర దాటకముందు తీస్తే 10 శాతం పెనాల్టీ, అది మాత్రం మనసులో పెట్టుకో. హెచ్‌ఎస్‌ఏ నేను ఇప్పటికీ వాడుతున్నా, మా బాబుకి కట్టు వేయించిన ఖర్చు ఇక్కడ కట్టి అక్కడి నుంచి తీసుకున్నా, అమెరికాలో ట్యాక్స్ లేదు. వచ్చే ముందు అడ్రస్ మార్పు సంగతి అడుగు, నాకు ఒక బ్రోకరేజ్ ఇండియా అడ్రస్ చూసి కొత్తగా కొనడం ఆపేసింది.

ఎడిసన్_అక్క:
తమ్ముడూ, పేరెంట్స్ వాళ్ళకి విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకో. హెచ్‌ఎస్‌ఏ వాళ్ళకి పనికిరాదు.

షార్లెట్_సుబ్బు:
వస్తుందక్కా, పూర్తిగా కాదనొద్దు. 183 రోజులు ఉంటే రెసిడెంట్ ఏలియన్ (ట్యాక్స్ విషయంలో ఇక్కడి నివాసి) లెక్కలోకి వస్తారు, సగం పైగా పోషణ నువ్వే చేస్తే డిపెండెంట్ అవుతారు.

లెక్కల_మాస్టారు:
కాగితం మీద ఆ దారి ఉంది సుబ్బు గారూ. కానీ నాన్నగారికి పెన్షన్, సొంతిల్లు ఉంటే సగం పైగా పోషణ కొడుకుదేనని చూపించడం కష్టం. మూడు నాలుగు నెలలకి వచ్చి వెళ్ళే వాళ్ళకైతే కుదరదు. గుంటూరు బ్రదర్, నాన్నగారి షుగర్ టెస్ట్‌కి హెచ్‌ఎస్‌ఏ కార్డ్ గీకొద్దు.

గుంటూరు_టు_ఆస్టిన్:
థ్యాంక్స్ మాస్టారూ, వైజాగ్ అన్నా. రెండో బిడ్డ ఆలోచన ఈ ఏడాదికి లేదు, డిడక్టబుల్‌కి 4,000 సేవింగ్స్‌లో విడిగా పెట్టేశాం. ఇప్పుడే సబ్మిట్ చేశా. కంపెనీ వెయ్యి పోను 7,750, 26 జీతాలకి 298 చొప్పున. 401కే మామూలుదే 6 నుంచి 10 కి పెంచా. పాప వాళ్ళమ్మ గారూ, పాప ఇప్పుడు ఎలా ఉంది?

పాప_వాళ్ళమ్మ:
బాగుంది అన్నా, వచ్చే నెల రెండేళ్ళు. ప్లేనో బ్రదర్, ఆ కూకట్‌పల్లి డాక్టర్ వివరాలు ఇన్‌బాక్స్‌లో పెడతారా, బిల్లు వివరంగా ఇస్తారా వాళ్ళు?