థాయ్‌లాండ్‌లో టిఫిన్ సెంటర్: 51 శాతం ‘పేరుకి’ థాయ్ వాళ్లకి రాసిస్తే తప్పేంటి?

గోదారి_గట్టు:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. ఐదేళ్లుగా బ్యాంకాక్‌లో ఒక ఇండియన్ కంపెనీలో గోడౌన్ లెక్కలు చూస్తున్నాను. వర్క్ పర్మిట్ ఆ కంపెనీ మీదే ఉంది. మా ఆవిడ చేతి పెసరట్టు తిన్నవాళ్లంతా హోటల్ పెట్టమని వెంటపడుతున్నారు. ఇక్కడ నానా అనే పేట దగ్గర సందులో ఎనిమిది బల్లలు పట్టే షాపు ఒకటి చూసుకున్నాం.

ఏజెంటు చెప్పింది ఇదీ. విదేశీయుల వాటా సగానికి తక్కువ ఉండాలి కాబట్టి నాకు 49, మిగతా 51 ఇద్దరు థాయ్ వాళ్ల పేరున పెడతారు. వాళ్లు పైసా పెట్టరు, షాపు ముఖం కూడా చూడరు. వాటా బదిలీ కాగితాల మీద తేదీ వెయ్యకుండా ముందే సంతకాలు చేసి నా చేతికి ఇచ్చేస్తారు. ఏటా వాళ్లకి కొంత ముట్టజెప్పాలి. "అందరూ చేసేదే సార్, టెన్షన్ పడకండి" అన్నాడు. ఆ మాట విన్నాకే టెన్షన్ మొదలైంది. సోమవారం సంతకాలు. మీరేమంటారు?

పట్టాయా_పాతకాపు:
నేను తొమ్మిదేళ్ల కిందట ఇలాగే పెట్టాను. అప్పట్లో వాటాదారులు ముగ్గురు ఉండాల్సి వచ్చేది: నేను, ఏజెంటు తెచ్చిన ఇద్దరు. 2023 ఫిబ్రవరి నుంచి ఇద్దరున్నా కంపెనీ అయిపోతుంది. నన్ను ఇంతవరకూ ఒక్కడూ అడగలేదు. పన్ను కడుతున్నాను, వ్యాట్ 7 శాతం కడుతున్నాను, ఆరుగురు థాయ్ వాళ్లకి జీతాలిస్తున్నాను. ఇక నేను దొంగనెలా అవుతాను? పెసరట్టు చల్లారకముందే సంతకం పెట్టు తమ్ముడూ.

లెక్కల_అక్క:
పాతకాపు గారూ, మిమ్మల్ని అడగకపోవడం మీ అదృష్టం, అది చట్టం కాదు. నేను బ్యాంకాక్‌లోనే ఒక కంపెనీ ఫైనాన్స్‌లో ఉన్నాను. ఈ గొడవ ఏడాదికి నాలుగుసార్లు వింటాను.

విదేశీ వ్యాపార చట్టం 1999లో వచ్చింది. అందులో మూడు జాబితాలున్నాయి. మొదటి దాంట్లోవి విదేశీయుడు ముట్టుకోకూడనివి: పత్రికలు, వరి సాగు, భూముల క్రయవిక్రయాలు లాంటివి. రెండోదానికి మంత్రివర్గం ఒప్పుకోవాలి. మూడోది ‘థాయ్ వాళ్లు ఇంకా పోటీకి సిద్ధంగా లేరు’ అనుకున్న రంగాలది. అన్నపానీయాల అమ్మకం, చిల్లర వర్తకం, లాడ్జీలు, టూర్లు, దాదాపు అన్ని రకాల సేవలూ అందులోనే ఉన్నాయి. గట్టు గారి పెసరట్టు కూడా అక్కడే పడుతుంది.

ఇక 36వ సెక్షన్. విదేశీయుడి కోసం తన పేరు అరువిచ్చిన థాయ్ మనిషిదీ నేరమే, ఆ పేరు వాడుకున్న విదేశీయుడిదీ నేరమే. మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష నుంచి పది లక్షల బాత్ జరిమానా, లేదా రెండూ. కోర్టు ఆపమన్నా ఆపకపోతే రోజుకి 10,000 నుంచి 50,000 బాత్ అదనం. 51-49 తప్పు కాదు. ఆ 51 వెనక డబ్బు ఎవరిదన్నదే ప్రశ్న.

పట్టాయా_పాతకాపు:
పుస్తకంలో ఉన్నదంతా జరుగుతుందా మేడమ్? బ్యాంకాక్ పహురత్ బజారులో మనవాళ్లు ఎన్ని తరాలుగా బట్టల కొట్లు నడుపుతున్నారు? సీలోం చుట్టుపక్కల రత్నాల వ్యాపారం చూడండి. వాళ్లందరినీ పట్టుకుపోయారా?

లెక్కల_అక్క:
పహురత్ సిక్కు కుటుంబాల్లో చాలామంది తాతల కాలం నుంచే థాయ్ పౌరులు. వాళ్ల షాపు వాళ్లదే, బినామీ అవసరం ఏముంది? వాళ్లని చూపించి మనం సమర్థించుకుంటే ఎలా?

భద్రాద్రి_మన్యం:
ఇంత చర్చ దేనికి? దీనికి మన దగ్గర పాత పేరే ఉంది కదా, బినామీ అని. మాది ఏజెన్సీ. 1/70 చట్టం వచ్చాక గిరిజనేతరుడు మా దగ్గర భూమి కొనకూడదు. మరి ఏం చేశారు? పాలేరు పేరున రాయించారు, తేదీ లేని కాగితాల మీద వేలిముద్రలు వేయించి బీరువాలో పెట్టుకున్నారు. గట్టు గారి ఏజెంటు చెప్పింది అచ్చం అదే. ఇక్కడ పాలేరు వైపు మేముండేవాళ్లం, అక్కడ ఆ థాయ్ వాళ్లున్నారు. మన ఊళ్లో షావుకారు చేస్తే తప్పన్నది, బ్యాంకాక్‌లో మనం చేస్తే ‘సెటప్’ అయిపోయిందా?

కోఠీ_కుర్రాడు:
ఆ పోలిక సరిగ్గా లేదన్నా. ఏజెన్సీలో గిరిజనుడు బలహీనుడు, కాబట్టి రక్షణ కావాలి. ఇక్కడ బలహీనుడు ఎవరు? ఎనిమిది బల్లల హోటల్ పెట్టుకునే రాజమండ్రి మనిషి. పైగా చట్టం అందరికీ ఒకటి కాదు. అమెరికావాడైతే 1966 నాటి స్నేహ ఒప్పందం కింద అదే హోటల్ మొత్తం తన పేరునే పెట్టుకోవచ్చు. మనకా సౌకర్యం లేదు. పాస్‌పోర్టు రంగుని బట్టి న్యాయం మారితే అలాంటి చట్టానికి అంత భయభక్తులు అక్కర్లేదని నా అభిప్రాయం.

భద్రాద్రి_మన్యం:
అన్యాయం అనిపిస్తే విమర్శించు తమ్మీ, కాదనను. కానీ మనం మాత్రం ఏం తలుపులు తెరిచిపెట్టాం? ఇండియాలో విదేశీయుడు వ్యవసాయ భూమి కొనలేడు. అన్ని రకాల సరుకులమ్మే సూపర్ మార్కెట్‌లో విదేశీ పెట్టుబడి 51 శాతం దాటకూడదు, దానికీ ప్రభుత్వ అనుమతి కావాలి. కిరాణా కొట్టువాడు బతకాలనే కదా. అక్కడ వాళ్లూ అదే మాట అంటున్నారు.

దెబ్బతిన్న_పులి:
చట్టం న్యాయమా కాదా తర్వాత చూసుకుందాం. నా సంగతి వినండి. ఫుకెట్‌లో పటాంగ్ బీచ్ దగ్గర ఆరు బల్లల బిర్యానీ హోటల్ ఉండేది నాది. ‘ఉండేది’.

51 శాతంలో పెద్ద వాటా ఒక పెద్దాయన పేరున ఉండేది. మంచి మనిషి. ఏడాదికోసారి వచ్చి, ఒక ప్లేటు బిర్యానీ తిని, కవరు తీసుకుని వెళ్లేవాడు. నాలుగో ఏడు గుండెపోటుతో పోయాడు. నేను వెళ్లి దండేసి వచ్చాను కూడా. రెండు నెలలకి ఆయన కొడుకు లాయరుతో దిగాడు. వాటాలు వారసులకి వస్తాయి కదా! నా దగ్గర తేదీ లేని బదిలీ కాగితం ఉంది, ఆయన సంతకం ఉంది. నా లాయరు దాన్ని చూసి "దీన్ని కోర్టులో బయటపెడితే మొదట మీ నేరమే రుజువవుతుంది" అన్నాడు. చచ్చినవాడి సంతకానికి తేదీ ఎవరు వేస్తారు? నేను వేస్తే అది ఇంకో నేరం.

పోలీసు దగ్గరికి వెళ్లలేను, కోర్టుకి వెళ్లలేను. నా ఫ్రిజ్‌లూ నా పొయ్యిలూ కంపెనీ ఆస్తి, కంపెనీలో సగానికి పైగా నాది కాదు. చివరికి వాళ్లిచ్చిన కాస్త డబ్బు తీసుకుని బయటికొచ్చాను. నన్ను ఏ అధికారీ పట్టుకోలేదు పాతకాపు అన్నా. అయినా పోయింది.

పట్టాయా_పాతకాపు:
బాధాకరమే. కానీ నువ్వు ముందే ప్రిఫరెన్స్ షేర్లు పెట్టుకోవాల్సింది. థాయ్ వాళ్ల పది షేర్లకి ఒక ఓటు, మన షేరు ఒక్కొక్కదానికి ఒక ఓటు. 49 శాతంతోనే కంపెనీ మన చేతిలో ఉంటుంది. అది చట్టబద్ధమే. కావాలంటే అక్కనే అడుగు.

లెక్కల_అక్క:
సగం నిజం. చట్టం చూసేది పెట్టుబడిలో వాటా, ఓట్లు కాదు. అందుకే ఆ పద్ధతి నిలబడుతోంది. 2006లో అప్పటి ప్రధాని తక్సిన్ కుటుంబపు టెలికాం కంపెనీ షిన్ కార్పొరేషన్‌ని సింగపూర్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థ టెమాసెక్ కొన్నప్పుడు మధ్యలో నిలబెట్టిన థాయ్ కంపెనీ నామినీనా (అంటే పేరుకి మాత్రమే వాటాదారా) కాదా అని దేశమంతా రగడ జరిగింది. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం ఓటు హక్కుల్ని కూడా లెక్కలోకి తీసుకుంటామని సవరణ ప్రతిపాదించింది, అది గట్టెక్కలేదు. కాబట్టి ఓట్లు ఎక్కువ పెట్టుకోవచ్చు. కానీ ఆ థాయ్ వాటాదారుడు నిజంగా తన డబ్బు పెట్టి ఉండాలి. పైసా పెట్టని మనిషికి ఓట్లు తగ్గిస్తే నామినీ అనుమానం పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇంకో మాట. "ఎవరూ అడగరు" అనే రోజులు పోయాయి. విదేశీయుడికి వాటా ఉన్నా, కంపెనీ తరఫున సంతకం చేసే అధికారం ఉన్నా, థాయ్ వాటాదారులు బ్యాంకు ఆధారం చూపాలని వ్యాపార అభివృద్ధి శాఖ అడుగుతోంది. వాటాదారుల జాబితా ఆ శాఖ దగ్గర ఎవరైనా చూడొచ్చు. ఒకే డ్రైవరు, ఒకే పనిమనిషి ముప్పై కంపెనీల్లో కనిపిస్తే కంప్యూటరే పట్టిస్తుంది. 2025 మార్చి 28 భూకంపానికి బ్యాంకాక్‌లో కడుతున్న ప్రభుత్వ ఆడిట్ భవనం కూలింది కదా. దాన్ని కట్టిన కంపెనీల్లో ఒకటి చైనా సంస్థకి అక్కడున్న కంపెనీ. అందులో థాయ్ వాటాదారులు నామినీలేమో అని ప్రత్యేక దర్యాప్తు శాఖ కేసు పెట్టింది. అప్పటి నుంచి ఈ మాట ఎత్తితేనే ఆఫీసుల్లో ముఖాలు మారిపోతున్నాయి.

గోదారి_గట్టు:
అయితే దారే లేదంటారా? విదేశీ వ్యాపార లైసెన్సు తెచ్చుకుని 100 శాతం నాదే పెట్టుకోవచ్చని ఒకచోట చదివాను. బీఓఐ అని కూడా విన్నాను. ఇంకొకరు డీటీవీ వీసా తీసుకో, ఐదేళ్లు హాయి అన్నారు.

లెక్కల_అక్క:
డీటీవీ సంగతి ముందు తేల్చేద్దాం. అది 2024 జూలైలో మొదలైంది. ఐదేళ్ల వీసా, ఒకసారి వస్తే 180 రోజులు, బ్యాంకులో 5 లక్షల బాత్ చూపించాలి. బయటి దేశపు కంపెనీకి లాప్‌టాప్ మీద పనిచేసుకునేవాళ్లకి అది. దాని మీద మీరు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటే పర్మిట్ లేకుండా పని చేసినట్టే: 5,000 నుంచి 50,000 బాత్ జరిమానా, ఆపై దేశం నుంచి పంపేస్తారు.

బీఓఐ అంటే పెట్టుబడుల బోర్డు. సాఫ్ట్‌వేరు, ఫ్యాక్టరీలు లాంటివాటికి 100 శాతం విదేశీ యాజమాన్యం ఇస్తుంది. పెసరట్టుకి ఇవ్వదు. లైసెన్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ, థాయ్ వాళ్లకి రాని పని ఏం తెస్తున్నారో మీరు ఒప్పించాలి. చిన్న హోటల్‌కి కష్టం.

తయారీ రంగం మాత్రం చాలావరకు ఆ జాబితాల్లో లేదు. ఆవకాయ, కారప్పొడులు తయారుచేసి ఎగుమతి చేసే యూనిట్ అయితే 20 లక్షల బాత్ కనీస పెట్టుబడితో మొత్తం మీదే కావచ్చు. తమాషా ఏంటంటే బియ్యం మర ఆడించడం, బియ్యప్పిండి తయారీ మాత్రం మూడో జాబితాలో ఉన్నాయి. ఆవకాయకి అభ్యంతరం లేదు, బియ్యప్పిండికి ఉంది!

హోటలే కావాలంటే నిజమైన థాయ్ భాగస్వామిని వెతకండి. డబ్బు పెట్టేవాళ్లు, లాభం అడిగేవాళ్లు, మీతో పోట్లాడేవాళ్లు. అప్పుడు కూడా మీ ఒక్కరి వర్క్ పర్మిట్‌కి 20 లక్షల బాత్ చెల్లించిన మూలధనం ఉండాలి. వీసా పొడిగింపుకి నలుగురు థాయ్ ఉద్యోగులుండాలి, భారతీయుడిగా మీకు నెలకి కనీసం 35,000 బాత్ జీతం చూపించి దాని మీద పన్ను కట్టాలి. మీ ఆవిడ వంట చేస్తే ఆవిడకి వేరే పర్మిట్, మరో 20 లక్షలు. కంపెనీ ఎంత చిన్నదైనా ఏటా ఆడిట్ తప్పదు. 90 రోజులకోసారి ఇమ్మిగ్రేషన్‌కి చిరునామా చెప్పుకోవడం మీకు అలవాటే కదా.

గోదారి_గట్టు:
ఇద్దరికీ కలిపి 40 లక్షల బాత్! మన డబ్బుల్లో కోటి. పెసరట్టు మీద అంత ఎప్పటికి తిరిగొస్తుంది?

కోఠీ_కుర్రాడు:
ఇదిగో, ఇదే నేను చెప్పేది. నిజాయితీగా ఉండాలంటే కోటి కావాలి, అడ్డదారికి ఏజెంటు ఫీజు చాలు. చిన్నవాణ్ణి తప్పువైపు తోస్తున్నది ఆ చట్టమే. చేయమని నేను చెప్పను, కానీ చేసినవాణ్ణి దొంగ అనను.

అమీర్‌పేట_ఆడిటర్:
కొంచెం ఆలస్యంగా వచ్చాను. డబ్బు ఇండియా నుంచి వెళ్తుందా? ఇక్కడున్న మీ నాన్నగారో బావగారో పంపి వాటా తీసుకుంటే, అది ఇండియా వాళ్లు బయటి దేశాల్లో పెట్టే పెట్టుబడుల మీద 2022లో వచ్చిన నిబంధనల కిందికి వస్తుంది. ఏడాదికి ఒక్కొక్కరు రెండున్నర లక్షల డాలర్ల వరకే. బ్యాంకు ద్వారా ఫారం ఎఫ్‌సీ వేసి పంపాలి. హవాలా తీసుకొచ్చి పెడితే రెండు దేశాల్లోనూ ఇరుక్కుంటారు. థాయ్ నామినీ పేరున పంపడమైతే, ఆ వాటా ఇక్కడ కాగితాల్లో ఎవరిదని రాస్తారు?

గోదారి_గట్టు:
సోమవారం వెళ్లడం లేదని ఏజెంటుకి మెసేజ్ పెట్టాను. ఇంకా చూడలేదు.

మా గోడౌన్ పక్కన అన్నం బండి నడిపే ఒక పీ (ఇక్కడ అక్కని అలాగే పిలుస్తారు) ఉంది. ఇరవై ఏళ్ల నుంచి అదే చోట. మా ఆవిడ పెసరట్టు ఆమెకి పిచ్చి ఇష్టం. హోటల్ ఆమెదే అయ్యి, నా పెట్టుబడి మైనారిటీ వాటాగా ఉండి, మా ఆవిడకి ఆమె దగ్గర పర్మిట్‌తో వంట ఉద్యోగం... ఇలా కుదురుతుందా? ఆమెకి ఇంగ్లిష్ రాదు, నాకు థాయ్ అంతంతమాత్రం. ఒప్పందం ఎవరు రాస్తారు?

లెక్కల_అక్క:
ఆమె నిజంగా డబ్బు పెట్టి, నిజంగా యజమానిగా ఉంటే కుదురుతుంది. లాయరు రాస్తాడు. మీకొకరు, ఆమెకొకరు. ఇద్దరికీ ఒకడే వద్దు.

దెబ్బతిన్న_పులి:
ఆమెకి పిల్లలెంతమందో కూడా కనుక్కో గట్టూ.

పట్టాయా_పాతకాపు:
లెక్కల అక్కా, చిన్న సందేహం. ఆ బ్యాంకు ఆధారం కొత్త కంపెనీలకేనా, పాత వాటిని కూడా అడుగుతున్నారా?

భద్రాద్రి_మన్యం:
ఎందుకన్నా, లెటర్ గానీ వచ్చిందా?