హుడ్ ఉన్న రోంపర్ మన సీమలో రోజూ వేసుకునే బట్టేనా? వాడినోళ్ళు చెప్పండి

అనంతపురం_పాప:
అక్కలకీ చెల్లెళ్ళకీ నమస్తే. నేనడిగేది ఆడవాళ్ళు ఇంట్లోనూ, పక్క వీధి షాపు దాకా పోయేటప్పుడూ వేసుకునే హుడ్ రోంపర్ గురించి. పైన హుడీ, కింద మోకాళ్ళ పైకి నిక్కరు, నడుం కాడ ఎలాస్టిక్, ముందర జిప్పు, అంతా కలిపి ఒకటే బట్ట. ఆన్‌లైన్‌లో ఫోటో చూస్తే శానా హాయిగా ఉన్నట్టే ఉంటాది, కానీ ఫోటోలో పిల్ల నిలబడి ఉంటాది అంతే, కింద కూర్చోదు, వంగి కసువు ఊడ్చదు, చెయ్యెత్తి అటక మీద డబ్బా తియ్యదు. మా ఇంట్లో దీని మీద రెండు పార్టీలైపోయినాయి. మా చెల్లి బెంగళూరులో ఇదే వేసుకుంటాది, నైటీ కన్నా ఎంతో నయం అంటాది. మా వదిన అనేదేమంటే బెంగళూరు చల్లటి ఊరు కాబట్టి సరిపోయింది, మన అనంతపురంలో ఏప్రిల్ నెలలో 42 డిగ్రీలప్పుడు మెడ ఎనకాల అంత గుడ్డ ఏసుకొని ఎవురు తిరుగుతారు అని. నాకు ఇద్దరి మాటా నిజమే అనిపిస్తాంది. ఒంటి మీద ఎట్ల కూర్చుంటాది, పని చేసుకుంటాంటే ఎట్ల కదులుతాది, అసలు ఆ హుడ్ ఉండాల్నా వద్దా, తెలిసినోళ్ళు చెప్పండి.

కడప_కోడలు:
వద్దు అనే చెప్తా. నేను వాడినా కాబట్టే చెప్తాండా. మిద్దె మీద బట్టలు ఆరేసేటప్పుడు రెండు చేతులూ పైకెత్తినామంటే చాలు కింద కాళ్ళ మధ్య కుట్టు పట్టేసుకుంటాది. టీషర్టు అయితే చెయ్యెత్తినప్పుడు పైకి పోతాది, దించితే కిందికొస్తాది, మనకి తెలీను కూడా తెలీదు. ఇది యాడికి పోతాది, కింద కుట్టేసి ఉండాది గదా, పైన ఎంత లాగితే కింద అంత పడతాది. ఇంక బాత్రూం సంగతి. పోయినప్పుడంతా భుజాల కాడినుంచి మొత్తం దించుకోవాల, మన ఇండ్లలో బాత్రూం నేల ఎప్పుడూ తడే, చేతుల కంటే ముందు ఆ హుడ్డే పోయి నీళ్ళలో పడతాది, ఆ తడి హుడ్డు మళ్ళీ మెడకి తగులుతాంటే ఒళ్ళు జలదరిస్తాది. నెలసరి రోజుల్లో అయితే దీని జోలికే పోవద్దు. నైటీకి ఇవేమీ లేవు, కిందినుంచి గాలి ఆడతాది, యాడా పట్టుకోదు, ఎవరన్నా గేటు కాడికొస్తే పైన చున్నీ ఏసుకుంటే అయిపాయ.

కర్నూలు_హాస్టల్:
అక్కా మీరు చెప్పిన బాత్రూం బాధ నిజమే, కాదనను. కానీ నైటీ గురించి మాత్రం ఒప్పుకోను. నైటీతో మంచం మీద కాళ్ళు ముడుచుకొని కూర్చొని చదువుకునేటప్పుడు ఎన్నిసార్లు సర్దుకోవాలో మీకు తెలీదా, మెట్లు ఎక్కేటప్పుడు కింద అంచు కాళ్ళకి తగులుకుంటాది, ఫ్యాన్ కింద పడుకుంటే పైకి లేచిపోతాది, రాత్రి నిద్రలో కూడా దుప్పటి కప్పుకోవాలనే ధ్యాసే. రోంపర్‌లో ఆ ధ్యాస ఉండదు. బాసిపట్లు ఏసుకొని కూర్చున్నా, బోర్లా పడుకున్నా, ఎక్కడా ఏదీ కనపడదు, నడుం కాడ బనీను పైకి పోయి వీపు బయటపడేది కూడా ఉండదు. నాకు దాంట్లో నచ్చేది అదే, ఒంటి గురించి మర్చిపోయి పని చేసుకోవచ్చు. రెండు పక్కలా జేబులుంటాయి, ఫోనూ తాళం చెవీ అందులోనే. హుడ్ అంటారా, లైబ్రరీలో ఏసీ కింద కూర్చున్నప్పుడు, డిసెంబర్ జనవరి పొద్దున్నే చలిలో మెస్సుకి పోయేటప్పుడు తల మీదికి లాక్కుంటే చెవులకి ఎంత సుఖమో.

కడప_కోడలు:
చెల్లీ నువ్వు చెప్పేది రెండు నెలల చలి. మిగతా పది నెలలు ఏం చెయ్యాల? అసలు ఈ హుడీ అనేది 1930లలో అమెరికాలో చలి గోడౌన్లలో పనిచేసే కూలీల కోసం వచ్చిందని చెప్తారు, దాన్ని తెచ్చి మన ఎండలో వేసుకోమంటే ఎట్ల.

ఆదోని_పత్తి:
అమ్మా, చలి దేశపు బట్ట అనే మాటతో తోసెయ్యొద్దండి. మన రైతులు మే నెల ఎండలో తలకి టవాలు చుట్టుకోకుండా చేనికి పోతారా? ఎండకి తల కప్పుకోవడం మనకి కొత్త కాదు. మన సీమ వేడి పొడి వేడి, విజయవాడ మాదిరి జిడ్డు చెమట కాదు, గుడ్డ వదులుగా ఉండి చెమట పీల్చేదైతే ఆ చెమట ఆరేటప్పుడు ఒళ్ళు చల్లబడతాది. కాబట్టి అడగాల్సింది హుడ్ ఉండాల్నా వద్దా అని మాత్రమే కాదు, ఏం గుడ్డ అని.

నేను పత్తి వ్యాపారంలో ఉన్నోన్ని, నా వరకు తెలిసింది చెప్తా. ల్యాబు లెక్కలో పత్తి దాని బరువులో 8.5 శాతం దాకా తేమ పట్టుకుంటాది, పాలిస్టర్ 0.4 శాతమే. అంటే పాలిస్టర్ రోంపర్ వేసుకుంటే చెమట గుడ్డలోకి పోకుండా చర్మం మీదే కారతాది, నడుం ఎలాస్టిక్ కాడా తొడల మధ్యా ఒరుసుకొని మండుతాది. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవి శానా మటుకు పాలిస్టర్ ఎక్కువ కలిసినవే, పైకి మెత్తగా బాగానే ఉంటాయి చేత్తో పట్టుకుంటే. విస్కోస్ అని చెక్క గుజ్జుతో చేసే గుడ్డ ఇంకా ఎక్కువ తేమ పీలుస్తాది, ఒంటి మీద చల్లగా జారతాది, కానీ తడిస్తే బరువెక్కి సాగుతాది, హుడ్ ఉన్న బట్టకి అది మంచిది కాదు, మెడ ఎనక్కి దిగిపోతాది.

ఇంకోటి జీఎస్ఎం. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు అని. టీషర్టు గుడ్డ 140 నుంచి 180 మధ్య ఉంటాది, హుడీలకి వాడే ఫ్రెంచ్ టెర్రీ, అంటే లోపలిపక్క చిన్న దారం ఉచ్చులుండే మందం గుడ్డ, 220 పైన ఉంటాది, లోపల బొచ్చు ఉండే ఫ్లీస్ ఇంకా ఎక్కువ. మన ఊర్లకి 160, 180 కాటన్ నిట్, అంటే టీషర్టు మాదిరి అల్లిక గుడ్డ అయితే ఏడాదిలో శానా నెలలు వేసుకోవచ్చు. టెర్రీది కొని వేడి అని తిడితే అది రోంపర్ తప్పు కాదు.

రాయదుర్గం_మిషన్:
పాపా, నేను రాయదుర్గంలో జీన్స్ యూనిట్లలో శానా కాలం పని చేసి ఇప్పుడు సొంతంగా ఆడవాళ్ళ బట్టలు కుడుతుండా. అందరూ గుడ్డ గురించి, ఎండ గురించి మాట్లాడుతుండారు, మంచిదే, కానీ పై నుంచి కింద దాకా ఒకటే బట్టగా ఉండేదానికి అసలు ప్రాణం ఒక కొలతలో ఉండాది, అది ఏ సైజు చార్టులోనూ సరిగ్గా రాయరు. టేపు భుజం మధ్యలో పెట్టి, ముందర ఎదమీద నుంచి కిందికి దింపి, కాళ్ళ మధ్యనుంచి ఎనక్కి తీసుకొని, వీపు మీదుగా మళ్ళీ అదే భుజం కాడికి తేవాల. ఒక చుట్టు. మామూలు ఎత్తు ఆడమనిషికి అది 60 అంగుళాల అటూ ఇటూ వస్తాది. ఛాతీ 36 ఉన్న ఇద్దరు మనుషులకి ఈ చుట్టు నాలుగంగుళాలు తేడా ఉండొచ్చు, ఒకరికి నడుం పొడుగు, ఒకరికి కాళ్ళు పొడుగు. ఎం సైజు అని ఇద్దరికీ ఒకటే ఇస్తే ఒకరికి వదులుగా ఏలాడతాది, ఒకరికి కడప కోడలమ్మ చెప్పినట్టు కోసుకుంటాది.

మనిషి కదిలేటప్పుడు ఈ చుట్టు పెరుగుతాది. చెయ్యెత్తితే భుజం లేస్తాది, కింద కూర్చుంటే ఎనకభాగం సాగుతాది, వంగితే వీపు పొడుగైతాది. అందుకే సాగని కాటన్ గుడ్డకి మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ పెట్టి నడుం ఎలాస్టిక్ మీద కొంచెం పొంగినట్టు వదలాల. ఆ పొంగు చూసి ఫ్యాషన్ అనుకుంటారు, అది చెయ్యెత్తినప్పుడు ఖర్చయ్యే గుడ్డ. ఎలాస్టిక్ మరీ బిగువుగా ఉంటే ఆ పొంగు కిందికీ పైకీ జరగదు, అప్పుడు ఎంత వదులు పెట్టినా దండగే.

ఇంక హుడ్డు. రెండు పొరల టెర్రీ హుడ్డు లెక్కేస్తే 80, 90 గ్రాములు వస్తాది, ఒక పొరదైతే సగం. ఇది మెడ ఎనకాల ఏలాడతా ముందర మెడని గొంతు మీదికి లాగుతాది. మామూలు హుడీలో ముందుభాగం కొంచెం పైకొస్తాది అంతే. రోంపర్‌లో ముందుభాగం పైకొస్తే కాళ్ళ మధ్య కుట్టు కూడా ముందరికి వస్తాది. కాబట్టి హుడ్ ఉన్నదానికి ఎనక మెడ పై నుంచి కోయాల, భుజం కుట్టు కొంచెం ముందరికి జరపాల, ఇది చెయ్యకుండా టీషర్టు మెడకి హుడ్డు అతికించేసినవే మార్కెట్లో ఎక్కువ. జిప్పు సగం తీసి పెట్టుకుంటే ఇంకా ఎనక్కి జారతాది చూడండి.

కడప_కోడలు:
అన్నా ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. కానీ ఒక మాట. నేను కొన్నది వేసుకున్న మొదటి రోజు బాగానే ఉండె, ఉతికినాక పట్టుకుండేది మొదలైంది. దానికేమంటారు?

రాయదుర్గం_మిషన్:
కాటన్ నిట్ కదమ్మా, ముందుగా నీళ్ళకి పెట్టకుండా కుడితే మొదటి ఉతుకులో ఐదు శాతం దాకా కుంచించుకుంటాది. టీషర్టులో ఐదు శాతం అంటే అంగుళం, అంగుళంన్నర, కింద అంచు కొంచెం పొట్టైతాది, ఎవరికీ పట్టదు. మీ చుట్టు 60 అంగుళాలనుకోండి, దాంట్లో ఐదు శాతం మూడంగుళాలు. అంటే కదలడానికి వదిలిన గుడ్డంతా పోయినట్టే. అందుకే ముందే కుంచించినది అని రాసి ఉంటేనే తీసుకోవాల, లేదంటే ఒక సైజు పెద్దది తీసుకొని నడుం ఎలాస్టిక్ మార్పించుకోవాల.

తాడిపత్రి_స్కూటీ:
ఎవరూ బండి గురించి చెప్పలేదు. నేను ట్యూషన్‌కి పిల్లల్ని దింపేదానికి స్కూటీ మీద తిరుగుతా. కూర్చునేదానికి రోంపర్ చుడీదార్ కంటే హాయి, చున్నీ చక్రంలో పడుతుందేమో అనే భయం లేదు, పైన గాలికి లేచేది లేదు. కానీ హుడ్డు మాత్రం బండి మీద పెద్ద పీడ. స్పీడు పెరిగితే దాంట్లోకి గాలి పోయి ఉబ్బి గొంతుని ఎనక్కి లాగుతాది. పోనీ తల మీద ఏసుకొని పైన హెల్మెట్ పెడదామంటే హెల్మెట్ తలకి సరిగ్గా పట్టదు, జారతాది, పక్కకి చూసేటప్పుడు హుడ్డు అంచు కంటికి అడ్డమొస్తాది. నేను హెల్మెట్ పెట్టుకునే ముందు హుడ్డుని లోపలికి మడిచి మెడ కింద దోపుకుంటా. అప్పుడు వీపు మీద ఉబ్బెత్తుగా ఉంటాది, వేడి కూడా, అయినా ప్రాణం ముఖ్యం. ఇంకా ఒకటి, ఎండలో నిలబెట్టిన బండి సీటు మీద పొట్టి నిక్కరుతో కూర్చుంటే తొడలు కాలతాయి, అది అందరికీ తెలిసిందే కానీ కొనేటప్పుడు గుర్తు రాదు. ఊర్లో బయట తిరిగేదానికి కింద లెగ్గింగ్స్ వేసుకుంటా. అప్పుడిక గాలి గురించి మాట్లాడేదేముంది.

అనంతపురం_పాప:
మా వదిన చేసే గొడవలో సగం అదే, పొట్టిగా ఉండాది, వీధిలోకి ఎట్ల పోతావు అని.

కర్నూలు_హాస్టల్:
అది వాళ్ళ వాళ్ళ ఇష్టం అక్కా, ఇంట్లో వాళ్ళతో మాట్లాడుకోవాల్సింది. మోకాలి కిందికి వచ్చేవి కూడా ఉండాయి, అవి తీసుకుంటే కూర్చున్నప్పుడు అంచు తొడని కొయ్యదు కూడా. మీరు బట్ట ఎట్లుంటాది అని అడిగినారు కాబట్టి దాని మీదే ఉందాం.

ప్రొద్దుటూరు_అమ్మ:
నేను పిల్లల గురించి ఒక మాట చెప్పి పోతా, ఎందుకంటే ఇదే మోడల్ చంటిపిల్లలకీ వస్తాంది, బొమ్మల చెవులు పెట్టి, ముద్దొస్తాదని అందరూ గిఫ్టుగా తెస్తాండారు. హుడ్డుకి తాడు ఉంటే దయచేసి పీకేయండి. జారుడుబల్ల మీద తగులుకొని పిల్లల గొంతుకి బిగుసుకున్న సంఘటనలు జరిగినాకే అమెరికాలో వినియోగదారుల భద్రతా కమిషన్ 1996లో పిల్లల బట్టల హుడ్డుకీ మెడకీ తాళ్ళు పెట్టొద్దని చెప్పింది. పడుకోబెట్టేటప్పుడు హుడ్డున్నది అసలు వెయ్యొద్దు, మొహం మీదికి వస్తాది, తల వేడెక్కుతాది. పగలు ఆడుకునేటప్పుడు కాళ్ళ మధ్య టిచ్ బటన్లు ఉండేది అయితే డైపర్ మార్చేదానికి సుఖం.

ఆ టిచ్ బటన్లే పెద్దవాళ్ళ రోంపర్‌కీ పెడితే ఏమైతాది అన్నా? బాత్రూం బాధ తీరిపోదా?

రాయదుర్గం_మిషన్:
పెట్టొచ్చమ్మా, పెట్టినవి ఉండాయి. కానీ పెద్దవాళ్ళు కింద కూర్చున్నప్పుడు ఆ బరువుకి టిచ్ బటన్ ఊడుతాది లేదా ఒత్తుకుంటాది. నేను చేసేది వేరే. నడుం కాడ ఎనక భాగం విడిగా కోసి, పక్కన రెండు జిప్పులు పెట్టి ఎనక మాత్రమే కిందికి దిగేట్టు కుడతా, పైభాగం విప్పాల్సిన పని ఉండదు, హుడ్డు నేలకి తగలదు. పని ఎక్కువ, కూలి ఎక్కువ పడతాది, రెడీమేడ్‌లో తక్కువ దొరుకుతాది. ఇంకా కాళ్ళ మధ్య నాలుగు కుట్లు ఒకే చోట కలవకుండా పైజామాకి మియానీ పెడతారే, ఆ నలుచదరం ముక్క పెట్టమని అడగండి. దానివల్ల గొంతుక్కూర్చున్నా, మెట్లెక్కినా గుడ్డ సాగినట్టుండదు, కుట్టు చీలదు, తొడ ఒరుసుకోదు. చంక కింద కూడా అట్లే చిన్న ముక్క పెడితే చెయ్యెత్తినప్పుడు మొత్తం బట్ట పైకి లేవదు.

కడప_కోడలు:
ఎనక జిప్పు, మియానీ, నీళ్ళకి పెట్టిన కాటన్, ఇవన్నీ ఉంటే నేను కూడా వేసుకుంటా అన్నా, కానీ ఇవన్నీ ఉన్నది అంగట్లో చూపించండి. దొరికే బట్ట గురించి కదా మనం మాట్లాడుకోవాల్సింది. దొరికేది చూస్తే ఇప్పటికీ నాది నైటీ ఓటే. హుడ్డు అయితే అసలుకే వద్దు.

ఆదోని_పత్తి:
హుడ్డు విడిగా బటన్లతో తీసి పెట్టుకునేట్టు కుట్టిస్తే ఇద్దరి మాటా నెగ్గుతాది గదమ్మా. చలికాలం పెట్టుకో, ఎండకాలం పెట్టెలో పెట్టు.

కడప_కోడలు:
బటన్లు మెడకి గుచ్చుకుంటాయి సార్. పడుకున్నప్పుడు ఇంకా.

రాయదుర్గం_మిషన్:
కాలరు పైపక్క పెడితే గుచ్చుకోవు. లోపల పెడితేనే ఆ బాధ.

అనంతపురం_పాప:
అన్నా, ఇప్పుడు మా చెల్లిదే ఒకటి ఇంట్లో ఉండాది. అది నాకు సరిపోతాదో లేదో వేసుకోకుండానే తెలుసుకునేదెట్ల? మాదిద్దరిదీ ఒకటే సైజు, కానీ నేను దానికంటే పొడుగు.

రాయదుర్గం_మిషన్:
మంచం మీద పరిచి, జిప్పు వేసి, ఎలాస్టిక్ లాగకుండా పెట్టి, భుజం కుట్టు కాడినుంచి కాళ్ళ మధ్య కుట్టు దాకా ముందర ఒకసారి కొలువు, తిప్పి ఎనక ఒకసారి కొలువు, రెండూ కలుపు. హుడ్డు కొలతలోకి రాదు. నీ ఒంటి చుట్టు ఎవరితోనైనా కొలిపించుకో, సొంతంగా కొలుచుకుంటే వంగి తప్పు వస్తాది. బట్ట లెక్క నీ లెక్క కంటే కనీసం రెండంగుళాలు ఎక్కువుంటే, అది సాగే నిట్ గుడ్డయితే, సరిపోతాది. సాగని గుడ్డయితే మూడు నాలుగు కావాల. అంతకంటే తక్కువుంటే వేసుకొని చూడను కూడా వద్దు పాపా, మీ చెల్లికే వదిలెయ్.