ఓజిల్ తప్పుకున్నాడా, తప్పించారా?

పెనాల్టీ_గీత

రాత్రి మా గదిలో ఐదుగురం పొద్దుపోయేదాకా వాదించుకున్నాం, తేలలేదు. ఇక్కడ ఫుట్‌బాల్ బాగా తెలిసినవారు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. 2018 మే నెలలో టర్కీ మూలాలున్న జర్మనీ ఆటగాడు మెసూట్ ఓజిల్ లండన్‌లో టర్కీ అధ్యక్షుడు ఎర్దొగాన్‌ను కలిసి, జెర్సీ ఇచ్చి ఫోటో దిగాడు. జూన్‌లో రష్యా ప్రపంచకప్‌లో జర్మనీ తొలి దశలోనే ఇంటిదారి పట్టింది. జూలై 22న ఓజిల్ ఇక జర్మనీకి ఆడనని సుదీర్ఘ ప్రకటన చేశాడు. “గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలసదారుని” అన్న మాట అందులోదే. 92 మ్యాచ్‌లు ఆడి, 2014లో ప్రపంచకప్ అందుకున్న ఆటగాడు అలా వెళ్లిపోవడానికి కారణం అతడా, ఆ దేశమా?

ఎలమంచిలి_వాసి

ఇందులో తేలకపోవడానికి ఏముంది? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. తాతకు బొగ్గు గనుల సీమలో బతుకు చూపించింది జర్మనీ. మనవడికి శిక్షణ ఇచ్చి, పేరు ఇచ్చి, ప్రపంచానికి చూపించింది జర్మనీ. టర్కీలో ఎన్నికలు ఆరు వారాల్లో ఉండగా వెళ్లి ఆ అధ్యక్షుడి చేతిలో “నా గౌరవనీయ అధ్యక్షుడికి” అని రాసిన జెర్సీ పెడతాడా? “నా” అంటే అర్థం ఏమిటి? మరి బెర్లిన్‌లో ఉన్న అధ్యక్షుడు ఎవరికి అధ్యక్షుడు? ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాడిని. మనిషి మనసు ఒక్క సర్వనామంలో బయటపడుతుంది.

కాకినాడ_తీరం

ఆ ప్రపంచకప్‌లో అతడి ఆట బాగాలేదు. స్వీడన్‌పై గెలిచిన ఒక్క మ్యాచ్‌లోనూ అతడు బెంచీ మీదే ఉన్నాడు. మిగతాదంతా పత్రికల వేడి.

పాత_పత్రికలు

ఎలమంచిలి_వాసి గారికి ఒక సవరణ. “నా గౌరవనీయ అధ్యక్షుడికి” అని జెర్సీ మీద రాసింది ఓజిల్ కాదు, జర్మనీ జట్టులో అతడి సహచరుడు ఇల్‌కాయ్ గుందోగాన్. ఇద్దరూ అదే సమావేశానికి వెళ్లారు, ఇద్దరూ జర్మనీలోని గెల్సెన్‌కిర్షెన్‌లో పుట్టిన టర్కీ కుటుంబాల వారే. అందువల్ల చాలామంది ఇద్దరినీ కలిపేస్తారు.

ఎలమంచిలి_వాసి

ఎవరి చేతిరాత అయితే ఏమిటండీ? పక్కన నిలబడి నవ్వాడు కదా.

రూర్_గాలి

నేను పద్నాలుగేళ్లుగా జర్మనీ బొగ్గు గనుల సీమ అయిన ఈ రూర్ ప్రాంతంలోనే ఉంటున్నాను. గెల్సెన్‌కిర్షెన్ మాకు రైలులో అరగంట. ఆ ఊరి గురించి తెలియకుండా ఓజిల్ గురించి మాట్లాడటం కుదరదని నా అభిప్రాయం.

జర్మనీ టర్కీతో కార్మికుల ఒప్పందం చేసుకున్నది 1961 అక్టోబరు 30న. వచ్చినవారికి పెట్టిన పేరే “అతిథి కార్మికుడు”. మొదట్లో రెండేళ్లు పనిచేసి తిరిగి వెళ్లిపోవాలన్నది నియమం. గనుల్లో, కొలిమి దగ్గర పని నేర్చుకున్నవాడిని రెండేళ్లకే పంపేసి కొత్తవాడిని తెచ్చుకుంటే తమకే నష్టమని కంపెనీలవారు గోల పెట్టాక ఆ గడువు ఎత్తేశారు. అంటే వారిని అక్కడ ఉంచింది దయ కాదు, అవసరం. ఓజిల్ తాత జోంగుల్దాక్ ప్రాంతం నుంచి వచ్చాడు. అదీ బొగ్గు సీమే. ఓజిల్ 1988లో గెల్సెన్‌కిర్షెన్‌లో పుట్టాడు. అక్కడ పుట్టినా పుట్టుకతో పౌరుడు కాలేదు, ఎందుకంటే విదేశీయుల పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం ఇచ్చే చట్టం 2000 జనవరిలోగాని అమలులోకి రాలేదు. 2007లో టర్కీ పాస్‌పోర్టు వదులుకుని జర్మన్ పౌరసత్వం తీసుకున్నాడు. తాను పుట్టిన ఊరికి తానే దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. ఎలమంచిలి_వాసి గారూ, మీరు అతడిని ఆ ఇంట్లో తిన్నవాడు అంటున్నారు. అతడు ఆ ఇంట్లో పుట్టినవాడు.

ఎలమంచిలి_వాసి

అమ్మా, చరిత్ర బాగా చెప్పారు. నేను కాదనను. కానీ ఆ ఫోటో దిగింది ఎవరితోనో కూడా చెప్పండి. 2016లో సైనిక కుట్ర విఫలమయ్యాక వేలాది మందిని జైళ్లలో పెట్టిన మనిషి. జర్మనీ పాత్రికేయుడు డెనిజ్ యూజెల్‌ను ఏడాది పాటు నిర్బంధించి 2018 ఫిబ్రవరిలో వదిలారు. అతడూ జర్మనీలో పుట్టిన టర్కీ కుటుంబపు బిడ్డే. అతడు విడుదలై మూడు నెలలు తిరక్కుండా అదే మూలాలున్న ఆటగాడు వెళ్లి నవ్వుతూ నిలబడ్డాడు. యూజెల్ తల్లికి ఆ ఫోటో చూస్తే ఎలా ఉండి ఉంటుంది? ఓజిల్ తన ప్రకటనలో ఏమన్నాడు? నా తాత ముత్తాతల దేశపు అత్యున్నత పదవికి గౌరవం ఇచ్చాను, అందులో రాజకీయం లేదు అన్నాడు. ఎన్నికల ముందు రాజకీయ నాయకుడితో దిగిన ఫోటోలో రాజకీయం లేదట!

నిజాం_కాలేజీ_మైదానం

ఇద్దరూ జర్మనీ దగ్గరే ఆగిపోయారు. జట్టూ దేశమూ అనే మాట వచ్చినప్పుడు నాకు మా హైదరాబాదు రహీం సాబ్ గుర్తుకొస్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల ఫైనల్. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వనందుకు ఒక భారత అధికారి అభ్యంతరం చెప్పాడని అక్కడి జనం మన జట్టు మీద మండిపడి ఉన్నారు. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా కేకలు. ఆ గోలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించాం. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్. అధికారి మాటకు ఆటగాళ్లు తిట్లు తిన్నారు. మరుసటి ఏడాదే రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఈరోజు నగరంలో ఎంతమంది పిల్లలకు ఆయన పేరు తెలుసు? ఆటగాడిని దేశం మోయడమూ మరచిపోవడమూ ఆటను బట్టి ఉండదు.

కాకినాడ_తీరం

రహీం గారి ప్రస్తావన బాగుంది. కానీ ఓజిల్‌తో సంబంధం?

ఎలమంచిలి_వాసి

సంబంధం లేదు. ఇంకొక సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. గుందోగాన్ కూడా అదే తప్పు చేశాడు. అంతకంటే పెద్ద తప్పు, ఎందుకంటే జెర్సీ మీద ఆ రాత అతడిదే అని ఇక్కడే చెప్పారు. జనం అతడిని కూడా మైదానంలో ఈలలు వేసి అవమానించారు. కానీ అతడు నోరు తెరిచి వివరణ ఇచ్చుకున్నాడు, జట్టులో కొనసాగాడు, 2024లో సొంతగడ్డ మీద జరిగిన యూరో కప్‌లో జర్మనీ కెప్టెన్ అయ్యాడు. పుట్టుకే కారణమైతే అతడికి కెప్టెన్సీ ఎలా వచ్చింది? ఓజిల్ మాత్రం విలేకరుల ముందుకే రాలేదు. తేడా పుట్టుకలో లేదు, నడతలో ఉంది.

పాత_పత్రికలు

అంటే జెర్సీ గుందోగాన్‌దేనని ఇప్పుడు ఒప్పుకున్నట్టేనా? మొదట మీ వాదన మొత్తం ఆ “నా” అనే మాట మీదే నిలబెట్టారు.

ఎలమంచిలి_వాసి

జెర్సీని పట్టుకుని ఎందుకు వేలాడుతున్నారు? నేను నడత గురించి మాట్లాడుతున్నాను.

రూర్_గాలి

నడత గురించే మాట్లాడదాం.

మన ఇళ్లలో అల్లుడికీ కొడుకుకూ తేడా ఉంటుంది. అల్లుడికి పీట వేస్తాం, కొత్త బట్టలు పెడతాం, మొదటి వడ్డన అతడికే. కానీ ప్రతి పండుగకూ అతడి మాట తీరు తూకం వేస్తాం. కొడుకు తాగి వచ్చినా తిడతాం, కొడతాం, రాత్రికి అన్నం పెడతాం. అతడు మన కొడుకేనా అన్న ప్రశ్న ఎవరూ వేయరు. జర్మనీ ఓజిల్‌కు పీట వేసింది. 2010లో బెర్లిన్‌లో టర్కీ మీద గోల్ కొట్టినప్పుడు స్టేడియంలోని టర్కీ అభిమానులు ఈలలు వేసి అతడిని అవమానిస్తే, మ్యాచ్ అయ్యాక ప్రభుత్వాధినేత మెర్కెల్ డ్రెస్సింగ్ రూముకు వెళ్లి చేయి కలిపింది. అది కూడా ఫోటోయే. అందులోనూ రాజకీయం ఉంది. అదే ఏడాది సమాజంలో చక్కగా కలిసిపోయినందుకంటూ అతడికి ఒక పురస్కారం కూడా ఇచ్చారు. పుట్టిన ఊళ్లో కలిసిపోయినందుకు పురస్కారం! కొడుకుకు ఎవరైనా అలాంటి పురస్కారం ఇస్తారా?

ఇక కొడుకు ఎవరంటే లోథార్ మాథ్యూస్. 1990లో ప్రపంచకప్ ఎత్తిన కెప్టెన్. 2018 ప్రపంచకప్ జరుగుతుండగానే క్రెమ్లిన్‌లో పుతిన్‌ను కలిశాడు. అతడు జర్మనేనా అని ఎవరైనా అడిగారా? జర్మనీకి ఆడిన క్లోజే, పొడోల్‌స్కీ పోలండ్‌లో పుట్టారు. వారిని పోలిష్ జర్మన్లు అని ఎందుకు అనరని ఓజిల్ అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు రాలేదు. బాయర్న్ మ్యూనిక్ క్లబ్బు అప్పటి అధ్యక్షుడు ఉలీ హోనెస్ అయితే ఇన్నేళ్లుగా ఓజిల్ ఆడింది చెత్త ఆట అన్నాడు. ప్రపంచకప్ ఇంటికి తెచ్చిన మనిషి గురించి! తప్పును తప్పు అనండి, నేనూ అంటాను. కానీ తప్పు చేసినప్పుడు కొడుకు కొడుకుగానే ఉండిపోయి, ఇతడు మాత్రం అతిథి అయిపోవడం నేను ఒప్పుకోలేను.

ఎలమంచిలి_వాసి

మీ అల్లుడి ఉపమానం వినడానికి బాగుంది. జరిగినదేమిటి? 2019లో అతడి పెళ్లికి సాక్షిగా నిలబడింది ఎర్దొగాన్. 2025 ఫిబ్రవరిలో అదే ఎర్దొగాన్ పార్టీ కేంద్ర నిర్ణాయక మండలిలో అతడు సభ్యుడయ్యాడు. 2018లో రాజకీయం లేదన్న మనిషి చివరికి ఎక్కడ కూర్చున్నాడు? మొదటి నుంచీ అతడి మనసు అక్కడే ఉందని నేను అన్నది నిజమైంది. మీలాంటివారు విదేశాల్లో కూర్చుని ఇలాంటివారిని వెనకేసుకు వస్తారు, ఎందుకంటే మీరూ రెండు పడవల మీద కాళ్లు పెట్టినవారే.

రూర్_గాలి

2018లో తలుపు వేసి, 2025లో అతడు పక్కింట్లో కూర్చున్నాడని నిరూపణ చూపిస్తున్నారు. అతడు అక్కడికి చేరడం నాకూ నచ్చలేదు. నాతో పనిచేసే స్నేహితురాలు ఎర్దొగాన్ పాలనలో నలిగిన కుర్దు జాతి మనిషి, ఓజిల్ పేరు వింటేనే లేచి వెళ్లిపోతుంది, ఆమె బాధ నాకు తెలుసు.

రెండు పడవలన్నారు కాబట్టి చెబుతున్నాను. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఇంకా భారత పాస్‌పోర్టే. పన్నెండేళ్లది, ఇక్కడి ఒక చిన్న క్లబ్బులో ఎడమ వైపు ఆడుతుంది. పోయిన శరత్కాలంలో రెండు గోల్స్ కొట్టిన రోజు జట్టులోని ఒక అమ్మాయి తండ్రి దాన్ని భుజాల మీద ఎత్తుకుని “మా అమ్మాయి” అన్నాడు. మూడు వారాల తర్వాత పెనాల్టీ తప్పింది. అదే మనిషి శిక్షకుడిని పిలిచి, నా ముందే, “ఆమెకు మన భాష అర్థమవుతుందా?” అని అడిగాడు. నా కూతురికి జర్మన్ తప్ప వేరే భాషలో కల కూడా రాదు. తెలుగు నేను బతిమాలి నేర్పిస్తున్నాను. ఆ రాత్రి అది భోజనం చేయలేదు. మీరు పడవల గురించి మాట్లాడుతున్నారు, మా పిల్ల నిలబడింది నేల మీద.

నిర్వాహకులు

ఎలమంచిలి_వాసి గారూ, “మీలాంటివారు” అన్న మాట వెనక్కి తీసుకోండి. ఎవరి నివాసమూ ఇక్కడ చర్చాంశం కాదు.

ఎలమంచిలి_వాసి

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పాపకు అలా జరగకూడదు. ఆ మనిషి మాట నాకూ గుచ్చుకుంది.

ఇంతవరకూ చెప్పనిది ఒకటి చెబుతాను. మా అబ్బాయి జర్మనీలోనే ఉన్నాడు, పదకొండేళ్లు అయింది. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి మన పాస్‌పోర్టు అప్పగించేశాడు. నాకు ముందు చెప్పలేదు. ఆరు నెలల తర్వాత వేరే మాటల మధ్యలో చెప్పాడు. నేను ఏమీ అనలేదు. ఒక దేశం కోసం అంత వదులుకున్నవాడు ఇక ఆ దేశంవాడుగానే ఉండాలి, సగం అక్కడ సగం ఇక్కడ అంటే నా కొడుకు వదులుకున్నదానికి విలువ ఏముంది? ఓజిల్‌ను చూస్తే నాకు అందుకే కోపం. వాడికి లేని వెసులుబాటు వీడికెందుకు?

రూర్_గాలి

గురువుగారూ, ఓజిల్ కూడా వదులుకున్నాడు. 2007లో. వదులుకున్నా సరిపోలేదు. నేను ఇందాకటి నుంచి చెబుతున్నది అదే. జర్మనీ ఇప్పుడు 2024 జూన్ నుంచి రెండు పౌరసత్వాలను ఒప్పుకుంటోంది, మన దేశం ఒప్పుకోదు. మా ఇంట్లో దరఖాస్తు నింపి రెండేళ్లుగా అలమారాలో పెట్టుకున్నాం, పంపలేదు. మీ అబ్బాయి మీకు చెప్పలేకపోయినది ఎందుకో నాకు అర్థమవుతుంది. మా నాన్నకు నేనూ చెప్పలేదు.

ఒకటి అడుగుతాను. రేపు మీ అబ్బాయి హైదరాబాదు వెళ్లి అక్కడి ముఖ్యమంత్రితో ఫోటో దిగి పంపితే మీరు ఏం చేస్తారు?

ఎలమంచిలి_వాసి

గోడకు తగిలిస్తాను.

కానీ అది వాడు చేయకూడదని కూడా అనుకుంటాను. రెండూ నిజమే. మీరు దీన్ని హక్కు అంటారు, నేను ఋణం అంటాను. పుట్టినా, వెళ్లి చేరినా, నీళ్లు తాగిన ఊరికి మనిషి బాకీ ఉంటాడు. అది నేను మార్చుకోను.

రూర్_గాలి

బాకీ అయితే మాథ్యూస్‌కూ ఉండాలి. అతడి పద్దు ఎవరూ తెరవరు, మా పిల్ల పద్దు ప్రతి శనివారం తెరుస్తారు. నేనూ మార్చుకోను.

పెనాల్టీ_గీత

మా గదిలో వాదన ఇంత దూరం రాలేదు. ఇద్దరికీ నమస్కారాలు.

ఎలమంచిలి_వాసి

పాత_పత్రికలు గారూ, జెర్సీ రాత గుందోగాన్‌దే. మొదట నేను చెప్పింది తప్పు.

అమ్మా, మా మనవడికి తొమ్మిదేళ్లు. వీడియోలో కనిపించినప్పుడల్లా ఆటగాడు ముసియాలా పేరున్న జర్మనీ జెర్సీలోనే ఉంటాడు. వాడూ క్లబ్బులో ఆడతాడట. పెనాల్టీ తప్పిన రాత్రి పాపతో మీరేం మాట్లాడారో వీలైతే రాయండి.