కరోనా తగ్గిపోయాక కూడా నెగటివ్ రిపోర్టు అడగడం న్యాయమేనా?

కృష్ణా తీరం | 2022 జనవరి 17
మా చెల్లి ఎమ్మెస్‌కి చికాగో వెళ్ళాలి. అక్కడ క్లాసులు మొదలైపోయాయి. అమెరికా విమానం ఎక్కాలంటే కరోనా నెగటివ్ రిపోర్టు చూపించమంటున్నారు. 3న జ్వరం, 4న ఆర్టీపీసీఆర్ చేయిస్తే పాజిటివ్. మేడమీద గదిలో ఉంచాం, అమ్మ మెట్ల మీద క్యారేజీ పెట్టి దిగిపోయేది. నాలుగు రోజులకే జ్వరం పోయింది. భోగి నాటికి కిందికొచ్చి అరిసెలు కూడా తింది. 20 తెల్లవారుజామున శంషాబాద్‌లో ఫ్లైటు. ఎందుకైనా మంచిదని నిన్న మళ్ళీ పరీక్షకి తీసుకెళ్ళాను. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, మేము వెళ్ళి ముక్కులో పుల్ల పెట్టించుకొచ్చాం. మళ్ళీ పాజిటివ్! సీటీ (వైరస్ కనబడేదాకా పరీక్షలో ఎన్నిసార్లు పెంచాల్సి వచ్చిందో చెప్పే అంకె) 33.

ఈ నెల 5న కేంద్రం ఇచ్చిన హోమ్ ఐసొలేషన్ నిబంధనలేమో 7 రోజులు గడిచి, వరసగా 3 రోజులు జ్వరం లేకపోతే బయటికి రావచ్చు, మళ్ళీ పరీక్ష అక్కర్లేదు అంటున్నాయి. బజారుకి వెళ్ళడానికి అక్కర్లేని పరీక్ష విమానం ఎక్కడానికి ఎందుకు? నాకైతే అన్యాయమనిపిస్తోంది. మీరేమంటారు?

ల్యాబ్‌లో అక్క
తమ్ముడూ, ముందు అసలు ఆ రెండో పరీక్ష ఎందుకు చేయించావు? ఆర్టీపీసీఆర్‌కి వైరస్ బతికుందో చచ్చిందో తెలియదు. దాని తాలూకు ముక్క దొరికితే చాలు, పెంచి పెంచి చూపిస్తుంది. పెళ్ళివారు వెళ్ళిపోయినా పందిరి గుంజలు కొన్నాళ్ళు ఉంటాయి కదా, ఆ గుంజల్ని చూసి లోపల పెళ్ళి జరుగుతోందని చెప్పే రకం అది. కొందరికి వారాల తరబడి అలాగే వస్తుంది. మన దగ్గర సీటీ 35 దాకా పాజిటివ్ కిందే లెక్క. ఆ 33ని పట్టుకుని కూర్చోకు, కిట్ మారితే, పుల్ల తిప్పిన చెయ్యి మారితే అంకె మారిపోతుంది.

అమెరికా వాళ్ళకి ఈ సంగతి తెలుసు. అందుకే కోలుకున్నవాళ్ళకి వేరే దారి పెట్టారు. ప్రయాణానికి 90 రోజుల లోపు పాజిటివ్ రిపోర్టు ఒకటి, ఐసొలేషన్ అయిపోయింది, వెళ్ళొచ్చు అని డాక్టరు సంతకం చేసిన లెటరు ఒకటి. లెటర్‌హెడ్ మీద డాక్టరు పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, తేదీ ఉండాలి. ఇంకొకటి, రిపోర్టులో పేరు చూసుకో. మనవాళ్ళు ఇంటిపేరు ఒక్క అక్షరం వేసి వదిలేస్తారు, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. ఇవాళే ల్యాబుకి వెళ్ళి సరిచేయించు, పుట్టిన తేదీ కూడా వేయించు.

పెన్షన్ మాష్టారు
అమ్మా, పందిరి గుంజల పోలిక బాగుంది. కానీ ఆ గుంజల మధ్యే రెండో పెళ్ళి మొదలైతే? ఆ 90 రోజుల లెక్క 2021 జనవరిలో, ఈ పరీక్షల నిబంధన పెట్టినప్పటిది. ఇప్పుడు తిరుగుతున్న కొత్త రకం, ఒమిక్రాన్‌కి ఆ పేరు పెట్టిందే నవంబరు 26న. మా తోడల్లుడికి నవంబరు మొదట్లో వచ్చి తగ్గింది. మొన్న భోగి ముందు మళ్ళీ వచ్చింది, ఒళ్ళు కాలిపోతోంది. ఆయన దగ్గర నవంబరు రిపోర్టుంది, లెటరు రాసిచ్చే డాక్టరు సందు చివరే ఉన్నాడు. నీ నిబంధన ప్రకారం ఆయన ఈ రాత్రికే విమానం ఎక్కొచ్చు. పక్క సీట్లో నాలాంటి షుగరు మనిషి ఉంటాడు, పద్నాలుగు గంటలు. వాడికి న్యాయం ఎవరు చేస్తారు?

జగిత్యాల పోరడు
అన్నా, మీకు అమెరికా గాబట్టి కాయిదమన్న నడుస్తది. మా దుబాయోళ్ళకు అదీ లేదు. 48 గంటల లోపటి ఆర్టీపీసీఆర్ ఒకటి, మళ్ళ ఎయిర్‌పోర్టుల ఫ్లైటుకు 6 గంటల ముంగట ర్యాపిడ్ పీసీఆర్ ఒకటి. నాకు డిసెంబర్ల వచ్చి తక్కువైంది. మొన్న నెగటివ్ రిపోర్టు పట్టుకొని పోయిన. ఎయిర్‌పోర్టుల పాజిటివ్ అన్నరు. ఒక్క దినంల రెండు ల్యాబులు రెండు తీర్లు చెప్పినయ్. ఏది నిజమని అడిగితె సెక్యూరిటీ ఆయన లైన్ల నుంచి పక్కకు జరుగుమన్నడు. సూట్‌కేసు ఏసుకొని జేబీఎస్‌ల బస్సెక్కిన. టికెట్ పైసలు పాయె, లీవు 15 తోని అయిపాయె. దేశం బయట ఆర్నెల్లు దాటితె వీసా సంగతి గూడ చూసుకోవాలె. నాకు ఒమిక్రాన్ కన్న మా ఫోర్‌మన్ అంటెనే భయం.

మాష్టారూ, షుగరు మనిషి గురించి మీరన్నది తప్పు కాదు. గని నా లెక్క తక్కువైనోడు ఏం జూపియ్యాలె? గది జెప్పుండ్రి.

ల్యాబ్‌లో అక్క
మాష్టారూ, ఆ కంత ఉన్నమాట నిజమే, ఒప్పుకుంటున్నాను. పాత రిపోర్టు ఇవాళ్టి సంగతి చెప్పదు. అలాగని ఆర్టీపీసీఆర్ కూడా చెప్పదు. కోలుకున్నవాళ్ళని యాంటిజెన్ పరీక్ష (వైరస్ ప్రొటీన్‌ని పట్టే ర్యాపిడ్ కిట్) అడగాలి. వైరస్ బాగా ఉన్నప్పుడే అది గీత చూపిస్తుంది, చచ్చిన ముక్కలకి చూపించదు. అమెరికా దాన్నీ ఒప్పుకుంటుంది.

పెన్షన్ మాష్టారు
మొదటి ఒకటి రెండు రోజులు అది పట్టుకోలేదని టీవీలో మీ డాక్టర్లే చెప్పారు.

ల్యాబ్‌లో అక్క
అవును. ఏ పుల్లా దేవుడు కాదండీ. నా గోడు వేరే. 'మేడమ్, ఒక్క నెగటివ్ రాసివ్వండి, పిల్లాడి సీటు పోతుంది' అని కౌంటర్ దగ్గర ఏడ్చేవాళ్ళని రోజూ చూస్తున్నాను. తగ్గిన మనిషికి సరైన దారి లేకపోతే దొంగ దారి వెతుకుతాడు. అప్పుడు మీ పక్క సీట్లోకి నిజంగా జ్వరంతో ఉన్నవాడు కూడా వస్తాడు.

డల్లాస్ బాబాయి
అమెరికా రావడం గురించే మాట్లాడుతున్నారు, ఇక్కడి నుంచి ఇండియా వచ్చేవాళ్ళ పరిస్థితి చూడండి. ఎయిర్ సువిధలో (ఇండియా వచ్చేవాళ్ళు వివరాలు నింపే ప్రభుత్వ వెబ్‌సైటు) 72 గంటల లోపు ఆర్టీపీసీఆర్ నెగటివ్ ఎక్కించాల్సిందే. కోలుకున్న లెటరు, యాంటిజెన్, ఏవీ చెల్లవు. నెగటివ్ ఉన్నా దిగాక 7 రోజులు ఇంట్లోనే. మా నాన్నకి ఒంట్లో బాగోలేదు. నాకు క్రిస్మస్‌కి వచ్చి తగ్గింది, ఆఫీసుకి వెళ్తున్నాను, మూడుసార్లు చేయిస్తే మూడుసార్లూ పాజిటివే. ఇంట్లోనే ఉండమంటే ఉంటాను కదా, విమానం ఎక్కనివ్వడానికేం?

ఇంకో సంగతి. ఇంటి కిట్‌తో చూసుకుని ల్యాబుకి వెళ్ళకుండా గదిలో పడుకున్నవాళ్ళకి ఆ లెటరు దారి కూడా మూసుకుపోయినట్టే. కిట్ మీది రెండు గీతల్ని ఫోటో తీసి చూపిస్తే కౌంటర్‌లో ఎవరూ ఒప్పుకోరు. మా తమ్ముడి కొడుకు అలాగే ఇరుక్కున్నాడు. ఎవరికీ అంటకూడదని బుద్ధిగా ఇంట్లో ఉన్నందుకు శిక్ష.

పెన్షన్ మాష్టారు
జగిత్యాల అబ్బాయికి జవాబివ్వలేదు, రాత్రంతా అదే ఆలోచించాను. జబ్బు తగ్గి రెండు వారాలు దాటితే ఆ పాత రిపోర్టు, ప్రయాణం నాటి యాంటిజెన్, రెండూ కలిపి అడగమంటాను. ఒక్క లెటరుకి మాత్రం నేను ఒప్పుకోను.

కృష్ణా తీరం | జనవరి 21
చెల్లి చేరింది. అక్క చెప్పినట్టు ఇంటిపేరు సరిచేయించాను, అందుకో పూట పట్టింది. డాక్టరు లెటరు మూడు కాపీలు తీయించాను. మాష్టారి మాట విని 19 పొద్దున యాంటిజెన్ కూడా చేయించా, నెగటివ్. కౌంటర్ అమ్మాయి ఆ యాంటిజెన్ కాగితం ఒక్కటే చూసి, పేరు మీద వేలు పెట్టి పాస్‌పోర్టుతో పోల్చి, బోర్డింగ్ పాస్ ఇచ్చేసింది. మనం ఇన్ని రోజులు కొట్టుకున్న లెటరు ఫైల్లోంచి బయటికే రాలేదు.

పెన్షన్ మాష్టారు
సంతోషం నాయనా. పక్క సీట్లో ఎవరు కూర్చున్నారో కనుక్కున్నావా?

కృష్ణా తీరం
అడిగాను మాష్టారూ. ఖాళీ అట.